గాజు పెట్టె, బొగ్గు బాయి: మ్యూజియంను మనం ఎట్ల చూడాలె?

మ్యూజియం చూడబోవడం అమాయకమైన పని అని మనకు బడిలోనే నేర్పిస్తరు. సింగరేణి ప్రాంతంలో ఏ హైస్కూలు పిల్లలనైనా అడగండి. విహారయాత్ర అంటే మూడు పేర్లు చెప్తరు: చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్. కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి బాయిల మీద పనిచేసేవాళ్ల పిల్లలు తెల్లారుజామున రైలెక్కి, పగలంతా ఈ మూడూ చూసి, రాత్రి బండికి వాపసొస్తరు. వచ్చినంక సాలార్‌జంగ్‌లో ఏం చూసిండ్రని అడిగితే చానామంది చెప్పేది ఒక్కటే, గడియారం.

ఆ గడియారం దగ్గర కొంచెం ఆగాలె. కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట గంటకూ లోపలి నుంచి ఒక గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతది. దానికోసం వందలమంది బెంచీల మీద, మెట్ల మీద కూసొని ఎదురుచూస్తరు. అదే గడియారంలో ఒక పక్కన ఇంకో బొమ్మ ఉన్నది. సుత్తె పట్టుకొని సెకను సెకనుకూ కొడుతనే ఉంటది. అది కమ్మరి బొమ్మ. గంటకొకసారి కనపడేవాడి కోసం జనం మెడలు సాపుకొని చూస్తరు. పొద్దంతా ఆగకుండా కొట్టేవాడిని చూసేందుకు ఎవరూ ఎదురుచూడరు. అతను ఎప్పుడూ ఉంటడు కాబట్టి అసలు కనపడడు. ఆ మ్యూజియంలో మాకు గుర్తుండిపోయిన శ్రామికుడు ఆ అంగుళాల బొమ్మ ఒక్కడే. సమాజంలో ఉత్పత్తి కులాల స్థానం ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సూటి బొమ్మ మరొకటి దొరకదు. విచిత్రమేమంటే దాన్ని అట్ల చేసినవాళ్లకు ఆ ఉద్దేశమే లేదు.

కళాఖండాల గురించి తెలుగులో వచ్చిన రాతలు రెండు రకాలు. ఒకటి గైడు పుస్తకం రాత. ఫలానా వస్తువు ఫలానా శతాబ్దిది, ఫలానా రాజుది. రెండవది రసజ్ఞుడి రాత. ఆహా, ఎంత సున్నితం, ఎంత లావణ్యం. రెండింటిలోనూ రెండు ప్రశ్నలు ఉండవు. ఈ వస్తువును కొన్న పైసలు ఎవరి చెమటవి? ఈ వస్తువును చేసిన చేతులు ఏ కులానివి? ఈ ప్రశ్నలు అడిగితే కళను రాజకీయం చేస్తున్నరంటరు. రాజకీయం మేము కొత్తగా తెచ్చి పెట్టలేదు. అది భవనం పునాదిలోనే ఉన్నది.

సాలార్‌జంగ్ సంగతే చూద్దాం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టి 1949లో చనిపోయిండు. ఆయన తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా హైదరాబాద్ రాజ్యానికి దివాను. మూడు తరాలు కొన్న వస్తువులను మొదట వాళ్ల సొంత హవేలీ దివాన్ దేవిడీలోనే ప్రదర్శనకు పెట్టిండ్రు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించిండు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కొత్త భవనానికి మారింది. అంటే ఒక కుటుంబం ఆస్తి ముందు జాతి సంపద అయింది, తర్వాత దానికి తగ్గ కొత్త ఇల్లు దొరికింది. పాత ఇంటి సంగతి ఏమైంది? దివాన్ దేవిడీలో ఇప్పుడు బట్టల దుకాణాలున్నయి, మిగిలింది దర్వాజా. హవేలీ పోయింది గాని హవేలీ చూపు మాత్రం కొత్త భవనంలోకి భద్రంగా వచ్చింది. ఒక్క మనిషి ఇష్టం ప్రకారం పోగైన వస్తువులు ఆ వరుసలోనే, ఆ గౌరవంతోనే ఉన్నయి.

ఆ ఇష్టానికి పైసలు జాగీర్ల నుంచి వచ్చినయి. కొస్గి, కొప్పల్ వంటి చోట్ల సాలార్‌జంగ్ ఎస్టేటుకు భూములుండె. ఆ భూముల్లో నాగలి పట్టినవాళ్లు, వెట్టి చేసినవాళ్లు, చచ్చిన గొడ్డును మోసినవాళ్లు ఎవరో మనకు కొత్తగా చెప్పక్కరలేదు. గాజు పెట్టె మీద ‘సాలార్‌జంగ్ సేకరణ’ అని రాస్తరు. ‘కొస్గి రైతు కట్టిన శిస్తు’ అని రాస్తే అది కూడా నిజమే కదా?

ఆయన పుట్టిన 1889లోనే ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు కనుక్కున్నడని చరిత్రలో రాస్తరు. ఆ దిక్కు జనం చెప్పుకునే కథ వేరే ఉన్నది. భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లు పొయ్యికి పెట్టి వంట చేస్తుంటే పొయ్యి రాళ్లే అంటుకున్నయని. కథలో బొగ్గు కనుక్కున్నది వంట చేసుకునే మనిషి, పుస్తకంలో కనుక్కున్నది దొర. 1886లో లండన్ పెట్టుబడితో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొన్నది. నిజాం రైళ్లు నడిచింది ఈ బొగ్గుతోనే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం కూడా ఉండేది, ఇప్పుడది లేదు. ఆ ఒడ్డునే 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. నగరం దీపాలు వెలిగించిన బొగ్గుకు మాత్రం నగరంలోని కళాభవనాల్లో చోటు లేదు. దీపం గుత్తులు చూడటానికి చౌమహల్లాకు పోతం, దీపం ఎట్ల వెలిగిందని అడగం.

సాలార్‌జంగ్‌లో రెండవ పెద్ద గుంపు ముసుగు రెబెకా ముందర ఉంటది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నడు. రాతి ముసుగు వెనక నుంచి ముఖం కనపడుతున్నట్టు ఉంటది. దీన్ని సామ్రాజ్యవాద అభిరుచి అని కొట్టిపారేయడం సులువు. మన మిత్రులు కొందరు అట్లనే రాసిండ్రు. మాకది సరిగ్గా అనిపించలేదు. మాతో కాసిపేట నుంచి వచ్చిన ఒక తల్లి, భర్త బాయిలో కోల్ ఫిల్లరుగా చేసి దిగిపోయిండు, ఆ బొమ్మను చానాసేపు చూసి రెండే ప్రశ్నలు అడిగింది. ‘గింత చెక్కెతందుకు ఎన్నొద్దులు పట్టింది? వానికేం కూలి ఇచ్చిండ్రు?’ పక్కన నిలబడ్డ చదువుకున్నాయన ఎవరో నవ్విండు. నవ్వవలసింది ఏమీ లేదు. రాయి గురించి తెలిసినవాళ్లు రాయిని అట్లనే చూస్తరు. ఆమె ఆ బొమ్మలో సౌందర్యం చూడలేదని కాదు. సౌందర్యాన్ని పనిగా చూసింది. మన సౌందర్యశాస్త్రం అంటూ ఒకటి ఉంటే అది ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలు కావాలె.

ఆ చూపుతోనే ఆయుధాల గదికి పోతే సంగతి ఇంకా తేటపడతది. కత్తి మీద పేర్లుంటయి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి. పచ్చరాయి పిడి, కెంపుల అలంకారం, అన్నీ వివరంగా ఉంటయి. కత్తికి ఒర ఉంటది, గుర్రానికి జీను ఉంటది, చేతిరాత గ్రంథానికి అట్ట ఉంటది. ఇవన్నీ తోలు. తోలు ఊరికే తోలు కాదు. లందలో సున్నం నీళ్లల్ల నానాలె, వెంట్రుక ఊడాలె, తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరాలె. ఆ వాసన ఒంటికి అంటుకొని ఊరవతల బతకాలె. అట్ల ఊరవతల బతికినవాడి చేతిపని రాజు నడుముకు ఆనుకొని ఉన్నది. ఒరను ముట్టుకున్న రాజు మైలపడలేదు, ఒరను చేసినవాడు మాత్రం అంటరానివాడయిండు. ఆరె, రంపె చూపించకుండా ఒరను మాత్రమే చూపించే గది అంటరానితనాన్ని పాటిస్తున్నట్టే. ఇక్కడ ద్వేషం ఉండనక్కరలేదు, అలవాటు చాలు.

రాజభవనాలే మ్యూజియాలైన చోట ఈ అలవాటు ఇంకా గట్టిది. చౌమహల్లాను బాగుచేసి 2005లో జనానికి తెరిచిండ్రు, యునెస్కో బహుమతి కూడా వచ్చింది. బాగుచేసిన తీరు మెచ్చుకోవలసిందే. గచ్చుపని, సున్నపు పూతపని తెలిసినవాళ్లకు చూడబుద్ధయితది. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం 2000లో మొదలైంది. అక్కడ ఆరవ నిజాం బట్టల బీరువా ఒక హాలు పొడవు, రెండంతస్తులు ఉంటది. పై అంతస్తుకు ఎక్కను చేత్తో నడిపే కర్ర లిఫ్టు ఉన్నది. మాతోటి వచ్చిన హాలర్ ఆపరేటర్ ఒకాయన బట్టలను చూడలే, ఆ లిఫ్టును చూసిండు. తాడు ఎట్ల పోతది, ఎవరు తిప్పుతరు, తెగితే ఏమయితది? బాయిలోకి మనుషులను దింపే తాడు మీద ప్రాణాలు పెట్టి బతికినాయన అట్ల అడగక ఇంకెట్ల అడుగుతడు? లోపల నిలబడ్డ నవాబు గురించి చెప్పడానికి మనిషి ఉన్నడు గాని బయట నిలబడి తిప్పిన మనిషి గురించి చెప్పడానికి ఎవరూ లేరు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం వేరే తీరు. 1920లో కట్టిన భవనం, 1930లో మ్యూజియం అయింది. అక్కడ జనం ఈజిప్టు మమ్మీ కోసం పోతరు. బౌద్ధ శిల్పాల గది ఖాళీగా ఉంటది. అజంతా బొమ్మల నకళ్లు ఉంటయి, వాటిముందు కూడా ఖాళీయే. మన నేలకు బుద్ధుడు ఎట్ల వచ్చిండు, ఎట్ల పోయిండు అన్న ప్రశ్న దళిత ఉద్యమానికి ప్రాణం వంటిది. అది పట్టించుకోకుండా మన పిల్లలను మమ్మీ చూపించి తీసుకొస్తే తప్పు మ్యూజియానిదే కాదు, తీసుకపోయిన టీచర్లది, సంఘాలది కూడా.

ఇక ఆధునిక భవనాలు. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వంటివి. తెల్లగోడలు, చల్లగాలి, చప్పుడు లేదు. ఇక్కడ రాజు లేడు, జాగీరు లేదు, మరి మనకు సులువు కావాలె కదా? కాలేదు. ఒక గ్యాలరీలో, పేరు అనవసరం, మాతో వచ్చినవాళ్లను దర్వాజా దగ్గర ‘మీరు ఎవరి తరపున వచ్చిండ్రు’ అని అడిగిండ్రు. టికెట్టు లేని చోట కూడా మనిషికి చిరునామా కావాలె. గోడల మీద ఏమున్నది? తెలంగాణ పల్లె ఉన్నది. తోట వైకుంఠం కరీంనగర్ పల్లెల నుంచి తెచ్చిన ఆడవాళ్లు పెద్ద బొట్టు, ఎర్రచీర, ముక్కుపుడకలతో నిండుగా కూసుంటరు. నల్లటి ఒంటిని అందంగా చూపించిన గొప్పతనం ఆయనకు ఉన్నది, దాన్ని తక్కువ చేయం. అయితే వాళ్లు ఎప్పుడూ పనిలో నుంచి అప్పుడే లేచొచ్చి ఫొటోకు కూసున్నట్టు ఉంటరు. చేతులకు మట్టి ఉండదు. కొనేవాడి డ్రాయింగ్ రూములో మట్టి రాలకూడదేమో.

చెర్యాల పటాల విషయంలో ఈ తెల్లగోడ చేసే పని ఇంకా ప్రమాదకరం. నూలుబట్టకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి ఎర్రటి నేల మీద నకాషీవాళ్లు బొమ్మలు వేస్తరు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు. అది గోడకు వేలాడదీసే బొమ్మ కాదు. చుట్టను విప్పుకుంటూ రాత్రిళ్లు పాడి చెప్పే కథ. పటం ఒక్కో కులానికి ఒక్కోటి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, చాకలివాళ్లకు మడేలు పురాణం చెప్పే పటమోళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. బొమ్మ వేసేది ఒకరు, పటం మోసేది ఇంకొకరు, కథ ఎవరిదో వాళ్లు త్యాగం ఇచ్చి చెప్పించుకునేది. మూడు చేతుల మధ్య నడిచే కళ ఇది. పటం చిరిగి పాతబడితే ఏట్లో కలిపి కొత్తది వేయించుకుంటరు. మనిషికి చేసినట్టే దానికి సాగనంపు.

మ్యూజియం దీన్ని ఏం చేస్తది? ఒక గడి కత్తిరించి ఫ్రేము కడతది. ‘చెర్యాల పటచిత్రం, జానపద కళ’ అని రాస్తది. ఆ రెండు మాటల్లో కథ పోయింది, పాటగాడు పోయిండు, ఏ కులం కథో పోయింది. జాంబపురాణంలో జాంబవంతుడు భూమి కంటే ముందు పుట్టినవాడు. బ్రాహ్మణుడితో వాదనకు దిగుతడు, ఎవరు ముందు, ఎవరు ఎక్కువ అని. వర్ణవ్యవస్థను కథలోనే తలకిందులు చేసిన గ్రంథం అది, అక్షరాలు రాకుండనే రాసుకున్న గ్రంథం. దాన్ని ‘జానపదం’ అనే సంచిలో వేస్తే వాదన పోయి రంగు మిగులుతది. ఎరుపు బాగుంది, కన్నులు బాగున్నయి అని పోతరు. మనువాదానికి ఇంతకంటే ఏం కావాలె? తగలబెట్టడం కంటే ఫ్రేము కట్టడం సులువు.

ఇక్కడ మన సంగతి కూడా మాట్లాడుకోవాలె. డక్కలివాళ్లు మాదిగల దగ్గరనే త్యాగం తీసుకుంటరు, మాదిగవాడ లోపలికి మాత్రం రానియ్యరు. వాడ అవతల గుడిసె వేసుకొని, అక్కడి నుంచే మాదిగల పుట్టుక కథ చెప్పాలె. మన పురాణాన్ని భద్రంగా మోసినవాళ్లను మనమే దూరం పెట్టినం. కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిందని మనందరం సంతోషపడ్డం. ఆయన మెట్ల కిన్నెర రేపు ఏదో గాజు పెట్టెలోకి పోవచ్చు. పేరు పలక మీద ‘డక్కలి’ అని రాస్తరా, ‘తెలంగాణ జానపద వాద్యం’ అని రాస్తరా అన్నది చిన్న విషయం కాదు. డప్పు కూడా అంతే. నిప్పు సెగ లేకుండా, చిర్ర సిటికెన పుల్ల లేకుండా, గోడకు మేకు కొట్టి తగిలించిన డప్పు డప్పు కాదు, తోలు వేసిన గుండ్రటి చట్రం.

ఆదివాసుల విషయంలో సంగతి మరోతీరు. కాసిపేట మండలంలోనే గోండు, కొలాం గూడేలున్నయి. మసాబ్‌ట్యాంక్‌లో 2003 నుంచి ఉన్న గిరిజన మ్యూజియంలో వాళ్లను బొమ్మలుగా నిలబెట్టిండ్రు. బతికున్న మనిషిని, పక్క ఊరి మనిషిని, పోయిన కాలం మనిషిగా చూపించడం అక్కడి చూపు. దీనిమీద వేరే వ్యాసమే కావాలె.

అన్నీ ఇట్లనే ఉంటయా అని అడగొచ్చు. ఇంగ్లండు ఉత్తరాన ఆషింగ్టన్ అనే బొగ్గు ఊరున్నది. 1934లో అక్కడి బాయి కార్మికులు కళను అర్థం చేసుకుందామని సాయంత్రపు తరగతి పెట్టించుకున్నరు. రాబర్ట్ లయన్ అనే మాస్టరు వచ్చి పాత ఇటలీ బొమ్మల గురించి చెప్పబోతే వాళ్లకది ఎక్కలేదు. అట్లయితే మీరే వెయ్యండి అన్నడు. వేసిండ్రు. పొగచూరిన ఇండ్లు, బాయిలో వంగి పనిచేసే మనిషి, పావురాలు, కుక్కలు, షిఫ్టు దిగి స్నానం చేసే తొట్టి. ఆలివర్ కిల్బర్న్ తన బాయి జీవితాన్నంతా వరుస బొమ్మలుగా వేసిండు. 1981లో మూతపడ్డ వుడ్‌హార్న్ బాయి ఇప్పుడు మ్యూజియం. ఆ బొమ్మలు అక్కడే, ఆ బాయి మీదనే ఉన్నయి. జర్మనీలో జోల్‌వెరైన్ గని 1986లో ఆగిపోయింది, దాని బొగ్గు కడిగే కార్ఖానాలోనే 2010 నుంచి రూర్ మ్యూజియం నడుస్తున్నది.

ఇవి విని సింగరేణిలో కూడా ఒకటి కడదామనే మాట వస్తది. మాకు సంతోషమే, భయం కూడా ఉన్నది. కంపెనీ కడితే కంపెనీ కథ చెప్తది. యంత్రాలు, టన్నులు, లాభాలు, జనరల్ మేనేజర్ల ఫొటోలు. ఆషింగ్టన్‌లో వర్గం ఉన్నది గాని కులం లేదు. మన బాయిలో తట్ట చెమ్మస్ ఎవరు పట్టిండ్రు, ఆఫీసులో కలం ఎవరు పట్టిండ్రు? ఏ క్వార్టర్ల వరుసలో ఎవరుండిరి? దొర బంగళాలో మరుగుదొడ్డి ఎవరు కడిగిండ్రు? 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూమి లోపలి పని నుంచి బయట పెట్టింది, 2019లో మళ్లీ వీలిచ్చిండ్రు. ఈ మధ్య కాలమంతా బొగ్గు ఏరి, ఊడ్చి, నీళ్లు మోసి, తాగొచ్చిన మొగుడిని భరించిన ఆడవాళ్ల గది ఏది? హెల్మెట్టు, క్యాప్‌ల్యాంపు పెట్టెలో పెట్టి లైటు వేస్తే ఇవి కనపడవు.

అందుకే మేము ఒక చిన్న పని మొదలుపెట్టినం. కాసిపేట, సోమగూడెం దిక్కు దిగిపోయిన కార్మికుల ఇండ్లల్ల ఉన్న వస్తువుల జాబితా రాస్తున్నం. వస్తువులు తీసుకోం, రాసుకుంటం, చేసినవాళ్ల పేరు, వాడినవాళ్ల పేరు అడిగి రాస్తం. ఒక ఇంట్లో పాత ఇత్తడి బిళ్ల ఉన్నది. నంబరు చెక్కి ఉన్నది. ముప్పై ఏండ్లు ఆ నంబరు మీద మస్టర్ పడ్డది. పేరేమిటని అడిగితే ఇంటాయన చప్పుడు చేయలే. ఆ కాలంలో ఎంతోమంది మారుపేర్ల మీద నౌకరి చేసిండ్రు, సింగరేణిలో అందరికీ తెలిసిన సంగతే. ఇంట్ల ఒక పేరు, మస్టర్ల ఒక పేరు. చివరికి ఆయన భార్య అడిగింది. ‘ఏ పేరు రాస్తరు సారూ? మస్టర్ల పేరు రాస్తే గది మా మామ పెట్టిన పేరు గాదు. ఇంటి పేరు రాస్తే నా కొడుకు నౌకరికి అడ్డం వస్తది.’ జాబితాలో ఆ గడి ఖాళీగానే ఉంచినం. బిళ్ల వాళ్ల ఇంట్లనే ఉన్నది, బియ్యం డబ్బాల.